తుంగభద్ర ఒడ్డున మూడు లెక్కలు



గత సంవత్సరము శ్రావణమాసములో ఒకనాటి సాయంకాలము మన పాఠశాల పూర్వవిద్యార్థి యొకడు మమ్ము చూడవచ్చెను. పదవ తరగతి వఱకు ఇచ్చట తెలుగు మాధ్యమమున చదివి, గణితములో మంచి మార్కులు తెచ్చుకొని, పి.యు.సి. విజ్ఞానశాఖలో చేరినవాడు. నది ఒడ్డు గ్రామమువాడు. వచ్చినవాడు చాలసేపు తలవంచుకొని కూర్చుండి, తుదకు "సార్, నాకు లెక్కలు రావు సార్. ఆర్ట్సుకు మారిపోతాను" అనెను.

మేము ఆశ్చర్యపడితిమి. ఏ లెక్క రాలేదో చూపుమంటిమి. వాడు ఇంగ్లీషు పుస్తకము తెఱచి, నదిని దాటు పడవను గూర్చిన ప్రశ్న నొకదానిని చూపెను. అందులో 'రిజల్టెంట్' అను మాటకు అర్థమేమని అడుగగా, "రిజల్టు, అంటే చివరి జవాబు" అని చెప్పెను. పాపము, చివరి జవాబు ఎంత అని అడుగుచున్నారు గాబోలునని తలచి, కనబడిన రెండు అంకెలను కూడివైచి, జవాబు తప్పిపోగా, తనకు గణితమే రాదని నిశ్చయించుకొనెను. అప్పుడు మేము పుస్తకము మూసి యిట్లడిగితిమి: "ఏమోయ్, మీ యూరిలో పుట్టి యెక్కి నది దాటునప్పుడు ఎదుటి రేవునకు నేరుగా చేరుదురా?"

"చేరము సార్. నీళ్లు దిగువకు లాగేస్తాయి. అందుకే మా చిన్నాయన ఎప్పుడూ కొంచెం ఎగువకు పోయి పుట్టి వదులుతాడు."

వానికి సదిశలు రావని ఎవరనగలరు? చిన్ననాటినుండియు వాడు సదిశల మీదనే ప్రయాణము చేసినాడు. రానిది ఒక్క మాట. ఆ మాటను మేము చెప్పియుండవలసినది, చెప్పలేదు. ఈ లోపము మాది. ఈ వ్యాసము దాని దిద్దుబాటు.

మేము చదివినది ఇంటర్మీడియెట్టు గణితము వఱకే. కళాశాల అధ్యాపకులవలె బోధింపగలమను గర్వము మాకు లేదు. ఐనను మన పిల్లలు ఎక్కడ తడబడుదురో అనేక సంవత్సరములుగా చూచుచున్నాము. 1953 అక్టోబరు 1వ తేదిన ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకును, బళ్లారి మొదలైన తాలూకాలు మైసూరు రాష్ట్రమునకును చేరినవి. నాటినుండి ఈ సరిహద్దున నివసించు మన తెలుగు బిడ్డ ఇంట తెలుగు, వీథిలో కన్నడము, కళాశాలలో ఇంగ్లీషు అను మూడు భాషల నడుమ లెక్క చేయవలసివచ్చినది. అందుచేత మొదట మాటలను చక్కబెట్టుకొని, పిమ్మట మూడు లెక్కలు చేయుదము. మూడును మన తుంగభద్రకు సంబంధించినవే.

మాటలు

బరువు, కాలము, దూరము మొదలైనవాటికి ఎంత అను ప్రశ్న యొక్కటే చాలును. ఇట్టివి అదిశలు, ఇంగ్లీషున స్కేలార్లు. వేగము, బలము మొదలైనవాటికి ఎంత అనియు, ఎటు అనియు రెండు ప్రశ్నలు కావలెను. ఇట్టివి సదిశలు, ఇంగ్లీషున వెక్టర్లు. దిశతో కూడినది సదిశ. మాటలోనే అర్థమున్నది. కన్నడమునందును దీనిని సదిశ అనియే యందురు. సదిశయొక్క 'ఎంత'ను పరిమాణమందుము, ఇంగ్లీషున మాగ్నిట్యూడ్. రెండు సదిశలు కలిసి చేయు పనిని తానొక్కటియే చేయగల సదిశ ఫలిత సదిశ, అదియే రిజల్టెంట్.

ఒక రాశి క్షణక్షణమునకు ఏ రేటున మాఱుచున్నదో కనుగొనుట అవకలనము; డిఫరెన్షియేషన్. మాఱుచున్న రాశియొక్క సన్నని ముక్కలను కూడి మొత్తమును కనుగొనుట సమాకలనము, ఇంటిగ్రేషన్. కన్నడమున దీనిని అనుకలన అందురు. సమాకలనమునకు వాడు ∫ అను గుర్తు లాటిను భాషలో మొత్తము అని అర్థమిచ్చు పదముయొక్క మొదటి అక్షరమే. దానిని పొడుగుగా సాగదీసి లైబ్నిట్జు అను జర్మను పండితుడు 1675లో తొలుత వ్రాసెను. కావున ఆ గుర్తును చూచి బెదరనక్కఱలేదు. 'కూడుము' అని మాత్రమే అది చెప్పుచున్నది.

ఈ వ్యాసమునందు ఇంగ్లీషు అక్షరములకు బదులు తెలుగు అక్షరములు వాడితిమి. లోతునకు 'ల', దూరమునకు 'దూ'. వాటి ముందు 'డ' చేర్చినచో ఆ రాశిలోని మిక్కిలి సన్నని భాగమని అర్థము. 'డల' అనగా లోతులో సన్నని పొర. అక్షరము ఏదైనను లెక్క మాఱదు.

మొదటి లెక్క: పుట్టి

నది వెడల్పు 120 మీటర్లు. పుట్టివాడు ఎదుటి గట్టువైపునకే మొగము పెట్టి సెకనుకు 0.6 మీటరు వేగముతో తెడ్డు వేయుచున్నాడు. ప్రవాహము అంతటను సెకనుకు 0.8 మీటరు వేగముతో దిగువకు పోవుచున్నది. పుట్టియొక్క ఫలిత వేగమెంత? ఎంతసేపటికి గట్టు చేరును? ఎదుటి రేవునకు ఎంత దిగువన చేరును?

(లెక్కకు అనుకూలముగా ఈ అంకెలను మేము కల్పించుకొంటిమి.)

మొదట బొమ్మ గీయుడు. గట్టునకు లంబముగా 0.6, గట్టు వెంబడి 0.8. ఈ రెండును లంబకోణమున నున్నవి. వీటిని 0.6 + 0.8 = 1.4 అని కూడుట మన పిల్లలు చేయు మొదటి తప్పు. ఒకే దిశలో నున్నప్పుడు మాత్రమే అట్లు కూడవచ్చును. ఇచ్చట లంబకోణ త్రిభుజముయొక్క కర్ణమును కనుగొనవలెను. 0.36 + 0.64 = 1.00, దాని వర్గమూలము 1. కావున ఫలిత వేగము సెకనుకు 1 మీటరు.

ఇక కాలము. ఇచ్చట రెండవ తప్పు పొంచియున్నది. ఫలిత వేగము 1 గనుక 120 సెకండ్లు అని వ్రాయుదురు. ఆలోచింపుడు: పుట్టి ఆ వేగముతో పోవుచున్నది ఏటవాలు దారిలో, ఆ దారి పొడవు 120 మీటర్లు కాదు. నదిని దాటించునది తెడ్డు వేగమే. ప్రవాహము పుట్టిని ఎదుటి గట్టునకు ఒక్క అంగుళమైనను చేర్చదు. కావున కాలము 120 ÷ 0.6 = 200 సెకండ్లు. ఈ 200 సెకండ్లలో ప్రవాహము పుట్టిని 0.8 × 200 = 160 మీటర్లు దిగువకు తీసికొనిపోవును. ఏటవాలు దారి పొడవు 1 × 200 = 200 మీటర్లు. 120, 160, 200 అను భుజములతో త్రిభుజము సరిపోయినది. ఇదియే మన పరీక్ష.

లంబముగానున్న రెండు దిశలలోను జరుగు పని దేనిదారి దానిదే. సదిశల లెక్కలలో సగము కష్టము ఈ ఒక్క మాట గ్రహించినచో తీఱును.

రెండవ లెక్క: ఆనకట్ట తలుపు

తుంగభద్ర ఆనకట్టకు 1945 ఫిబ్రవరి 28వ తేదిన శంకుస్థాపన జరిగెను; 1953లో కాలువలకు నీరు వదలిరి. దానికి 33 తలుపులు. ఒక్కొక్కటి సుమారు 60 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తు గలవిగా నిర్మింపబడెను. 2024 ఆగస్టు 10వ తేది రాత్రి 19వ తలుపు గొలుసు తెగి, తలుపు కొట్టుకొనిపోయెను. గేట్ల నిపుణులైన కన్నయ్యనాయుడుగారి ఆధ్వర్యమున వారము దినములలోనే ఆ ఖాళీకి తాత్కాలికముగా అడ్డుపలకలు దించి నీటిని నిలిపిరి. ఆ వారము ఈ జిల్లాలోను, సరిహద్దునకు ఆవలను రైతులు ఎంత ఆందోళనపడిరో మీరెఱుగుదురు. ఆ తలుపుమీద నీరు ఎంత బలముతో తోయుచుండెను? ఇది మన రెండవ లెక్క.

సులభతకై వెడల్పు 18 మీటర్లు, ఎత్తు 6 మీటర్లు అని తీసికొందము. నీరు తలుపు పై అంచువఱకు ఉన్నదనుకొందము. ఒక ఘనమీటరు నీటి బరువు ఒక టన్ను. కావున 'ల' మీటర్ల లోతున ఒక చదరపు మీటరుమీద 'ల' టన్నుల బరువంత ఒత్తిడి యుండును.

తలుపు వైశాల్యము 18 × 6 = 108 చదరపు మీటర్లు. దీనిని ఏ ఒత్తిడితో గుణింపవలెను? అడుగునగల ఒత్తిడి 6తో గుణించినచో 648 టన్నులు వచ్చును. పైఅంచున గల ఒత్తిడి సున్నతో గుణించినచో ఏమియు రాదు. రెండును తప్పే. ఒత్తిడి లోతునుబట్టి మాఱుచున్నది. మాఱు రాశిని గుణకారము పట్టలేదు. సమాకలనము అవసరమగునది ఇచ్చటనే.

తలుపును అడ్డముగా సన్నని పట్టీలుగా కోసినట్లు భావింపుడు. 'ల' లోతున గల ఒక పట్టీ వెడల్పు 18, మందము డల. వైశాల్యము 18 డల. పట్టీ మిక్కిలి సన్ననిది గనుక దానియందంతటను ఒత్తిడి 'ల' యనుకొనవచ్చును. దానిపై బలము 18 ల డల. ఇట్టి పట్టీలనన్నిటిని పైనుండి క్రిందివఱకు కూడవలెను:

బలము = ∫ 18 ల డల, హద్దులు 0 నుండి 6 వఱకు.

ల²/2ను అవకలనము చేసినచో ల వచ్చును. కావున ∫ ల డల = ల²/2. హద్దులు ఉంచగా 18 × 36/2 = 324. అనగా నీటి తోపుడు 324 టన్నుల బరువంత. న్యూటన్లలో కావలెనన్నచో 1,000 కిలోల బరువు 9,800 న్యూటన్లు గనుక 31,75,200 న్యూటన్లు.

సరిచూచుకొందము. ఒత్తిడి 0 నుండి 6 వఱకు సమముగా పెరుగుచున్నది గనుక సగటు 3. 3 × 108 = 324. సరిపోయినది. సగటుతోనే వచ్చునప్పుడు సమాకలనము దేనికని మీరడుగవచ్చును. సమముగా పెరుగనప్పుడు సగటును ఊహింపలేము; ఆ సందర్భము మూడవ లెక్కలో వచ్చును.

ఈ 324 టన్నుల బలము ఏ చోట పనిచేయుచున్నట్లు భావింపవలెను? ప్రతి పట్టీ బలమును దాని లోతుతో గుణించి కూడుదము: ∫ 18 ల² డల = 18 × 216/3 = 1,296. దీనిని 324తో భాగింపగా 4. అనగా నీటిమట్టమునుండి 4 మీటర్ల క్రిందను, తలుపు అడుగునుండి 2 మీటర్ల పైనను. నడుమనుండదు, క్రిందికి దిగియుండును. క్రింది పట్టీలమీద బలము హెచ్చు గనుక ఇది సహజము.

ఇచ్చట సదిశలు కూడ ప్రవేశించును. నీటి తోపుడు అడ్డముగా నున్నది. తలుపు పైకి లేచు దిశ నిలువు. రెండును లంబములు గనుక వాటి బిందులబ్ధము సున్న. అనగా తలుపు ఎత్తునప్పుడు నీటి తోపుడు నేరుగా ఎత్తువానికి సాయమును చేయదు, ఎదిరింపును చేయదు. మఱి గొలుసు మోయవలసినదేమి? తలుపు సొంత బరువును, 324 టన్నులు తలుపును దాని గాడికి అదిమిపెట్టుటవలన కలుగు ఒరపిడిని. అడ్డముగా తోయు బలము నిలువు గొలుసునకు భారమగుట ఈ విధముననే.

మూడవ లెక్క: రెండును కలిసినచో

మొదటి లెక్కలో ప్రవాహవేగము అంతటను ఒక్కటేయని తీసికొంటిమి. నదిలో దిగినవారికి అది నిజము కాదని తెలియును. గట్టు దగ్గఱ నీరు మెల్లగా పోవును. నడినదిలో వడి హెచ్చు. కావున గట్టులవద్ద వేగము సున్న, నడుమ 0.8 అనుకొని, గట్టునుండి 'దూ' మీటర్ల దూరమున ప్రవాహవేగము క × దూ × (120 − దూ) అని తీసికొందము. గట్టులయందు ఇది సున్న యగును. నడుమ 60 × 60 × క = 0.8 కావలెను గనుక క = 1/4500. నిజమైన నది ఈ సూత్రమును తుచ తప్పక పాటింపదు. కాని సమవేగమనుకొనుటకంటె ఇది సత్యమునకు దగ్గఱ.

పుట్టి మునుపటివలెనే 0.6 వేగముతో తెడ్డు వేయబడుచున్నది. ఎంత దిగువకు చేరును?

నదిని గట్టునకు సమాంతరముగా సన్నని పాయలుగా కోయుడు. ఒక పాయ వెడల్పు డదూ. దానిని దాటుటకు పట్టు కాలము డదూ ÷ 0.6. అంతసేపు ఆ పాయలోని ప్రవాహము పుట్టిని దిగువకు లాగును. కావున మొత్తము

దిగువ దూరము = (1/0.6) × (1/4500) × ∫ (120 దూ − దూ²) డదూ, హద్దులు 0 నుండి 120 వఱకు.

0.6 × 4500 = 2700. సమాకలని విలువ 60 దూ² − దూ³/3; 120 ఉంచగా 8,64,000 − 5,76,000 = 2,88,000. దానిని 2700తో భాగింపగా 106⅔ మీటర్లు.

సరిచూచుకొందము. వేగము ఎచ్చటను 0.8ని మించలేదు గనుక జవాబు 160కి లోబడియుండవలెను, ఉన్నది. 106⅔ అనగా 160లో సరిగా మూడింట రెండు వంతులు. వేగమును గీతపటముగా గీచినచో విల్లువంటి వక్రరేఖ వచ్చును; దాని క్రింది వైశాల్యము దానిని చుట్టిన దీర్ఘచతురస్రములో మూడింట రెండు వంతులు. ఈ సత్యమును ఇరువదిరెండు శతాబ్దములకు పూర్వమే గ్రీకు పండితుడు ఆర్కిమిడీసు నిరూపించెను. కాలము మాత్రము మాఱలేదు. అదే 200 సెకండ్లు. ఏల? దాటించునది తెడ్డు గాని ప్రవాహము కాదు గదా!

మూడు లెక్కలనుండి గ్రహింపవలసినది

ప్రశ్నను మొదట మీ మాటలలో మీకు మీరే చెప్పుకొనుడు. తరువాత బొమ్మ గీయుడు. దిశలు కలగలిసియున్నచో లంబముగా విడదీయుడు. రాశి మాఱుచున్నచో, మాఱనంత సన్నని ముక్కగా కోసి, ఆ ఒక్క ముక్కకు గుణకారము వ్రాసి, తరువాత కూడుడు. హద్దులు లేని సమాకలనమున స్థిరరాశిని చేర్చుట మఱువకుడు. తుదకు జవాబు నమ్మదగినదా యని నిలిపి చూడుడు. 324 టన్నులకు బదులు 324 గ్రాములు వచ్చినచో, తప్పు ఎక్కడనో ఉన్నదని చెప్పుటకు సూత్రమక్కఱలేదు.

మాతృభాషలో గణితము చేయుట క్రొత్త సాహసము కాదు. తొమ్మిదవ శతాబ్దమున రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్ష నృపతుంగుని కాలమున ఈ కన్నడదేశముననే మహావీరాచార్యుడు సంస్కృతమున గణితసారసంగ్రహమును రచించెను. దానిని తరువాత పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. ఆయన మూలములోని జైనమత సంబంధమైన ఉదాహరణములను మార్చి, తనవారు ఎఱిగిన శైవ సంబంధమైనవి పెట్టెను. లెక్క అదే, దానికి కట్టిన బట్ట వేఱు. సుమారు 1530 ప్రాంతమున కేరళదేశీయుడైన జ్యేష్ఠదేవుడు, సన్నని ముక్కలను కూడి మొత్తమును సాధించు విధానమును ఉపపత్తులతో సహా మలయాళ వచనమున యుక్తిభాషయను గ్రంథములో వివరించెను. న్యూటను, లైబ్నిట్జులు పుట్టుటకు అది నూఱేండ్లకు పూర్వపు మాట.

ఐతే మల్లన సంస్కృతము నేర్వకుండ తెలుగు చేయలేదు. ఇది మనము గుర్తుంచుకొనవలెను. తెలుగులో బోధించుచున్నామను అభిమానముతో ఇంగ్లీషు పేర్లను మేము మీకు చెప్పక దాచితిమి. అభిమానము మాది, నష్టము మీది. ఈ సంవత్సరమునుండి తొమ్మిది, పది తరగతులలో ప్రతి పారిభాషిక పదమును నల్లబల్లపై తెలుగున, కన్నడమున, ఇంగ్లీషున మూడు వరుసలుగా వ్రాయుచున్నాము. అర్థము తెలుగులో నాటుకొన్నచో పేరు ఎన్ని భాషలలోనైనను నిలుచును. అర్థము నాటకున్నచో ఏ భాషలోని పేరైనను గాలికి పోవును.

ఆ పిల్లవాని మాట చెప్పలేదు గదా. ఆ సాయంకాలము వాడు మొదటి లెక్కను తానే చేసెను. మూడవదానికి మఱి రెండు ఆదివారములు పట్టినవి. అందులో ఒక ఆదివారము తప్పు మాదే. హద్దులు తాఱుమాఱు చేసితిమి, వాడే పట్టుకొనెను. వాడు గణితము మానలేదు. మొదటి సంవత్సరపు పరీక్షలో గొప్ప మార్కులు రాలేదు గాని ఉత్తీర్ణుడయ్యెను. ఇప్పుడు వాడు పుస్తకములోని ప్రశ్న చదివినంతనే అంకెలు కూడుట లేదట. ముందు బొమ్మ గీయుచున్నాడట. మాకది చాలును.

అభ్యాసము

1. తలుపు అడుగునుండి 3 మీటర్ల ఎత్తువఱకే నీరున్నచో దానిపై తోపుడెంత? నీటి ఎత్తు సగమైనప్పుడు తోపుడు సగమగునా?

2. నీరు 6 మీటర్ల నిండుగా ఉన్నప్పుడు తలుపు క్రింది సగభాగముపై బలమెంత?

3. ప్రవాహము అంతటను 0.36, తెడ్డు వేగము 0.6. పుట్టి సరిగా ఎదుటి రేవునకే చేరవలెనన్నచో నది దాటుటకు ఎంతసేపు పట్టును? (సూచన: చిన్నాయన ఎగువకు పోయి పుట్టి వదలెను, ఇచ్చట పుట్టిమొగమునే ఎగువకు త్రిప్పవలెను.)

జవాబులు: 81 టన్నులు, కాదు, నాలుగవ వంతగును, 243 టన్నులు, 250 సెకండ్లు. జవాబు చూచుటకు ముందు బొమ్మ గీచితిరా?